రెస్టు తీసుకున్న డిస్కు

హార్డ్ డిస్కు పోయిన ఇంటికి వెళ్ళడం పరామర్శకి వెళ్ళడం లాంటిది. గుమ్మంలో చెప్పులు విప్పాలి. మొహం కాస్త దించుకోవాలి. మంచినీళ్ళు ఇస్తే తాగాలి. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, ఆఖరిసారి ఎవరు చూశారు అని మెల్లగా అడగాలి. తేడా ఒకటే. పరామర్శకి వెళ్ళినవాణ్ణి పోయినాయన్ని లేపమని ఎవరూ అడగరు. మనల్ని అడుగుతారు. పైగా సాయంత్రం లోగా లేపమంటారు.

గాజువాకలో చాలా ఏళ్ళు ఈ పని చేసి ఇప్పుడు కొట్టు మూసేశాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు, మధురవాడ వైపు అద్దాల మేడల్లో సర్వర్ల పక్కన కూర్చునేవాళ్ళు కూడా, అప్పుడప్పుడు వచ్చి అనుభవాలు చెప్పమంటారు. చెప్తే టీ తాగి వెళ్ళిపోతారు. టీ ఒక్కటే గుర్తుంటుంది. అందుకని రాస్తున్నాను.

నేను చదివింది తొమ్మిదో తరగతి. పదో తరగతి నన్ను పిలవలేదు, నేనూ బతిమాలలేదు.

చల్లగది

మొదట డాబాగార్డెన్స్‌లో కొండలరావు గారి కొట్లో చేరాను. అంతకుముందు రేడియోలు బాగుచేసేవాణ్ణి కాబట్టి ఆయన నన్ను చివరిదాకా "ఒరే రేడియో" అనే పిలిచాడు. తొంభైల మొదట్లో కంప్యూటరంటే ఇంటికొచ్చిన కొత్తల్లుడు. దానికో గది, గదికో ఏసీ, తలుపుకో తెర. వైరస్ వస్తుందేమోనని కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చిన ఆఫీసర్లని కళ్ళారా చూశాను. కొండలరావు గారికి ఆ చలి పడేది కాదు. మే నెల ఉక్కకి ఊరంతా చొక్కాలు పిండుకుంటుంటే ఆయనొక్కడే మంకీ క్యాపు పెట్టుకుని పనిచేసేవాడు.

ఒకసారి పోర్టు దగ్గర సరుకుల ఏజెంటు ఆఫీసులో కంప్యూటరు ఆగిపోయింది. అక్కడి గుమస్తా నిష్ఠగలవాడు. రోజూ సాయంత్రం దేవుడికి అగరొత్తి, కంప్యూటర్‌కి బ్యాకప్ టేపు, రెండూ తప్పేవాడు కాదు. టేపు తీసి మా చేతిలో పెట్టాడు. దానికి పసుపూ కుంకుమా పెట్టి ఉంది. కొండలరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది డ్రైవు లోపల మురికి తుడవడానికి ఇచ్చే క్లీనింగ్ టేపు. దాని మీద అక్షరం కూడా రాయలేం.

"దీన్నే ఎందుకు వాడతన్నావు నాయనా?"

"మిగతా టేపులు సాలా టైము తీసుకుంతన్నాయి సార్. ఇది పెట్టిన ఎంటనే అయిపోతంది."

కొండలరావు గారు క్యాపు సర్దుకున్నాడు. "పోన్లే. ఈ జిల్లాలో ఇంత సుబ్బరంగా ఉన్న డ్రైవు ఇంకోటి లేదు" అన్నాడు.

బయటికొచ్చాక నాకు చెప్పింది మాత్రం నవ్వుతూ చెప్పలేదు. "బ్యాకప్ ఉందా అని ఎవర్నీ అడక్కు, రేడియో. అందరూ ఉందనే అంటారు. ఒక్క ఫైలు తీసి సూపించమను. తీసి సూపిస్తేనే ఉన్నట్టు." నేను ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఇన్నాళ్ళు ఈ పనిలో నిలబడ్డానంటే ఈ ఒక్క మాట వల్ల. మంచి బాసు అంటే అరవనివాడు కాదు. ఆయన రోజూ అరిచేవాడు. అరుపుల మధ్యలో పనికొచ్చే మాట ఒకటి ఉండేది. మిగతా బాసుల దగ్గర అరుపులే ఉండేవి.

మూత తీస్తే ఊరు కనిపిస్తుంది

సొంత కొట్టు పెట్టాక తెలిసింది, విశాఖలో కంప్యూటరు కేబినెట్ మూత తీస్తే చాలు, కస్టమరు ఎక్కడివాడో చెప్పొచ్చు. లోపల దుమ్ము ఎర్రగా ఉంటే పోర్టు పక్క, ఇనప ఖనిజం. నల్లగా ఉంటే బొగ్గు. మెత్తటి బూడిదైతే పరవాడ వైపు, కరెంటు ప్లాంటు. మెరుస్తుంటే ఆటోనగర్, ఇనప రజను. బీచి పక్కవాళ్ళకి దుమ్ము ఉండదు, తుప్పు ఉంటుంది. వాళ్ళు సముద్రాన్ని చూడ్డానికి ఇల్లు కొనుక్కుంటారు, సముద్రం వచ్చి వాళ్ళ మదర్‌బోర్డుని చూసిపోతుంది.

ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడిపే అప్పలరాజు డిస్కు పోయినా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నాకేటి బయ్యం బావా. డబల్ కాపీ ఉంది. సి లో ఒకటి, డి లో ఒకటి."

"రెండూ ఒకే డిస్కు బావా. దాన్నే రెండు బాగాలు సేసి రెండు పేర్లెట్టారు."

"రెండు పేర్లుంటే రెండు కావా?"

"నీకు రేషన్ కార్డులో అప్పలరాజు, ఇంట్లో సినబాబు. ఒకడికి జొరమొస్తే రెండోవోడు డ్యూటీకెల్తాడేటి?"

అప్పుడు కాలు దించాడు.

అద్దం

ఇంక అసలు సంగతికి వస్తాను. సత్యనారాయణ గారిది గోదావరి జిల్లా. ఉక్కు కర్మాగారం నీళ్ళ పంపుహౌస్‌లో పనిచేసి రిటైరై కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన భార్య సుభద్ర గారు పెళ్ళి సంబంధాలు కుదిర్చేవారు. వాళ్ళ జిల్లా నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలతో మొదలెట్టి, ఈ పక్క ఊళ్ళవాళ్ళకీ, ఆఖరికి రెండో పెళ్ళి చేసుకోవాలని ఉండి ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళకీ ఆవిడే దిక్కు. రెండువేల సంవత్సరం దాటాక ఇంటికి కంప్యూటరొచ్చింది. ఫొటోలూ జాతకాలూ అడ్రసులూ అన్నీ అందులోకి ఎక్కించారు. ఎక్కించిన మర్నాడే సత్యనారాయణ గారు, ఆవిడ సంబంధాలు రాసుకున్న పాత పుస్తకాలన్నీ కాగితాల కొట్టుకి వేసేశారు. ఇల్లు శుభ్రంగా ఉండాలని ఆయన పట్టుదల.

ఇంతమంది బతుకులు ఒక్క డిస్కు మీద ఉండటం మంచిది కాదని నేనే రెండు డిస్కుల ఏర్పాటు పెట్టించాను. ఆవిడ ఒక్కసారి రాస్తే రెండింటి మీదా పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది ఆగకుండా నడుస్తుంది. దీన్ని మిర్రర్ అంటారు, అంటే అద్దం.

"అర్థమైందండి" అన్నారు సత్యనారాయణ గారు. "ఒకటి డ్యూటీ, ఒకటి స్టాండ్‌బై."

"కాదండి. రెండూ డ్యూటీయే."

"రెండూ ఒకేసారి తిరుగుతాయా?"

"తిరుగుతాయి సార్."

"మరి రెండూ ఒకేసారి అరిగిపోవాండీ?"

నిజం చెప్పాలంటే చాలా మంచి ప్రశ్న. ఒకే కంపెనీ డిస్కులు రెండు ఒకే రోజు కొని పెడితే, ఒకదాని వెనక ఒకటి పోయిన ఇళ్ళు నేను తరవాత చూశాను. ఆ రోజు మాత్రం నవ్వి ఊరుకున్నాను. సీడీ మీద కూడా వేరే కాపీ దాచుకోమని చెప్పాను. "అద్దం ముందు మీరు మీసం తీసేస్తే అద్దంలో ఆయనా తీసేస్తాడండి. పాత మీసాన్ని దాచిపెట్టడు" అన్నాను. సుభద్ర గారు బాగా నవ్వారు. సత్యనారాయణ గారు మీసం తడుముకున్నారు. సీడీ ఎవరూ కొనలేదు.

పంపుహౌస్ పద్ధతి

కొన్నాళ్ళకి సుభద్ర గారు ఫోన్ చేశారు.

"బాబూ, ఒకసారి వస్తారా? మా కంప్యూటర్లో పెళ్ళయిపోయినవాళ్ళందరూ మళ్ళీ పెళ్ళికి వచ్చేశారండి."

వెళ్ళాను. ముందురోజు ఆవిడ గోపాలపట్నంలో ఒక ఇంటికి పెళ్ళికొడుకు ఫొటో పంపించారట. ఆ అబ్బాయికి కిందటి నెలే పెళ్ళయింది. చేయించింది ఈవిడే. భోజనం చేసి, తాంబూలం కూడా తీసుకుని వచ్చారు. ఫొటో అందుకున్నవాళ్ళేమో ఆ పెళ్ళికూతురి పిన్నిగారు. "మా అల్లుడికి అప్పుడే ఇంకోటి చూస్తున్నారేంటండీ" అని ఆవిడ ఫోన్‌లో అడిగిన గొంతు సుభద్ర గారి చెవిలో ఇంకా మోగుతోంది.

నేను తెర మీద చూశాను. రెండు నెలల నుంచి ఇటు ఒక్క ఫైలూ లేదు. పెళ్ళి అయిందని ఆవిడ పెట్టుకున్న గుర్తులు లేవు, కొత్తగా వచ్చిన సంబంధాలు లేవు. కాలం వెనక్కి వెళ్ళిపోయింది.

"ఏటి సేశారు సార్?"

"ఏమీ చెయ్యలేదండి."

ఈ మాట ఈ వృత్తిలో మీరు రోజూ వింటారు. అప్పుడు ఇంట్లో రెండో మనిషి వైపు తిరగాలి.

"ఆ రెస్టు సంగతి చెప్పండి" అన్నారు సుభద్ర గారు.

సంగతి ఇది. పంపుహౌస్‌లో ఏ పంపుకైనా పక్కన ఇంకో పంపు ఉంటుంది. ఒకటి నడుస్తుంటే ఒకటి ఆగి ఉంటుంది. కొన్నాళ్ళకి ఇది ఆపి అది నడుపుతారు. దాన్ని చేంజోవర్ అంటారు. రెండూ సమంగా అరుగుతాయి, రెండూ ఎక్కువకాలం బతుకుతాయి. సత్యనారాయణ గారు సర్వీసంతా ఒక్క పంపునీ చావనివ్వలేదు. రిటైరయ్యాక ఇంట్లో రెండు డిస్కులు పగలూ రాత్రీ ఒకేసారి తిరుగుతుంటే ఆయనకి నిద్రపట్టలేదు. మూత తీసి ఒకదాని కేబులు పీకేశారు. దానికి రెస్టు. నడుస్తున్నదాని మీద డ్యూటీ అని, ఆగినదాని మీద స్టాండ్‌బై అని కాగితం ముక్కలు కూడా అంటించారు. ఆ రెండు నెలలూ ఆవిడ రాసిందంతా ఒక్క డిస్కు మీదే పడింది.

తరవాత చేంజోవర్ రోజొచ్చింది. కేబులు తగిలించారు. ఆన్ చేయగానే కంప్యూటరు, రెండు డిస్కులూ ఒకలాగ లేవు, దేన్ని చూసి దేన్ని దిద్దమంటావు అని అడిగింది. అలా అడిగినప్పుడు మన పనివాడు ఎవడైనా చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. సత్యనారాయణ గారు రెస్టు తీసుకున్న డిస్కుని చూసి డ్యూటీ డిస్కుని దిద్దమన్నారు.

"అదెందుకండీ?"

"అది ఫ్రెష్‌గా ఉందండీ. ఇది రెండు నెలలు తిరిగి తిరిగి అలిసిపోయింది. అలిసినదాని మీద భారం పెట్టడం ధర్మమాండీ?"

ఆయనతో వాదించలేం. పంపు సంగతిలో ఆయనే రైటు. పంపులో నిన్నటి నీళ్ళు ఇవాళ ఎవరికీ అక్కర్లేదు. డిస్కులో నిన్నటి నీళ్ళే కావాలి.

ఒక్క అదృష్టం మిగిలింది. దిద్దుబాటు సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కదా అంటే, దాన్ని సీరియల్ కోసం టీవీకి పెట్టారు. కంప్యూటరు ఆగిపోయింది. మళ్ళీ కరెంటొచ్చాక మిగతా సగం దిద్దమని ఎవరూ చెప్పలేదు. అంటే డ్యూటీ డిస్కులో ముందు సగం పోయినా వెనక సగం ఇంకా ఉంది. ఈ వృత్తిలో నేను దణ్ణం పెట్టుకున్న సీరియల్ అదొక్కటే.

నూకరత్నం

నేను డిస్కు విప్పుతుండగా గుమ్మంలోకి ఒకావిడ వచ్చారు. పేరు నూకరత్నం. ఆస్పత్రిలో నర్సు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, జడ ఇంకా పిన్నులతో ఎత్తి కట్టి ఉంది.

"అమ్మా, ఆలోసించుకున్నాను. ఆ టగ్గాయన్ని సేసుకుంటాను" అన్నారు, నిలబడే.

సుభద్ర గారు కూర్చుండిపోయారు.

పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద ఇంజను చూసే మనిషి సంబంధం అది. ఆయనకీ భార్య పోయింది. నూకరత్నం గురించి విని, ఫొటో చూసి, ఇష్టమేనని చెప్పి, కబురు చెయ్యడానికి ఎవరిదో పక్కింటి ఫోను నంబరు ఇచ్చి వెళ్ళారు. ఆదివారం లోగా మాట చెప్తే ఇక్కడే ఉండిపోతారు. లేకపోతే సోమవారం టగ్గుతో ఒరిస్సాలో పారాదీప్ రేవుకి వెళ్ళిపోతారు, మళ్ళీ ఎప్పుడు వచ్చేదీ తెలియదు. నూకరత్నం అప్పుడు ఆయన ఫొటో కూడా చూడలేదు. ముందు మనిషి ఎలాంటివాడో చెప్పండి, మొహం తరవాత అన్నారట. ఇప్పుడు శనివారం. ఆయన ఫొటో, అడ్రసు, ఆ నంబరు, అన్నీ పోయిన రెండు నెలల్లోనే ఉన్నాయి.

"కంప్యూటర్‌కి కొంచెం నలతగా ఉందమ్మా" అన్నారు సుభద్ర గారు.

"ఏటయింది? జొరవా?"

"మతిమరుపండి" అన్నాను నేను.

"ఎప్పట్నుంచి మర్సిపోయింది?"

"ఇంచుమించు మీరొచ్చినకాడ్నుంచీ."

నూకరత్నం సుభద్ర గారి వైపు తిరిగారు. "మరి మీకు పేరైనా గుర్తుందా అమ్మా?"

"పేరు సింహాచలమే" అన్నారు సుభద్ర గారు నీరసంగా.

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మా ఊళ్ళో పోర్టు గేటు దగ్గర నిలబడి సింహాచలం అని పిలిస్తే సగం షిఫ్టు వెనక్కి తిరుగుతుంది.

"సార్‌ని ఏటీ అనకండమ్మా" అన్నారు నూకరత్నం, జరిగిందంతా విన్నాక, మూల నిలబడ్డ సత్యనారాయణ గారిని చూపించి. "వార్డులో అందరికీ రెస్టు ఇమ్మని డాక్టర్లే రాత్తారు. ఈయన పాపం డిస్కుకి రాశారు."

పేర్లు లేని మొహాలు

ఇలాంటప్పుడు కుర్రాళ్ళు చేసే మొదటి తప్పు తొందర. గాయపడ్డ డిస్కు మీదే నేరుగా వెతకడం మొదలెడతారు. వెతికే కొద్దీ మిగిలింది కూడా పోతుంది. ముందు ఆ డిస్కుని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కు మీదకి దించుకోండి. అసలుదాన్ని పక్కన పెట్టండి. మీ తెలివితేటలన్నీ నకలు మీద చూపించండి. ఇంటివాళ్ళు వెనక నిలబడి ఇంకా మొదలెట్టలేదా అని అడుగుతూనే ఉంటారు. అడగనివ్వండి. నేను కొట్టుకి తీసుకెళ్ళి అదే చేశాను. ఆదివారం ఉదయం వెతికి తీసినవన్నీ పట్టుకుని మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. నూకరత్నం అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు.

చదవడానికి పనికొచ్చే అక్షరాలేవీ రాలేదు. అడ్రసులు, ఫోన్లు, జాతకాలు ఉన్న ఫైలు పోయిన సగంలోనే ఉంది. ఫొటోలు మాత్రం చాలా వచ్చాయి. అయితే ఇలా వెతికి తీసినప్పుడు ఫైళ్ళకి పాత పేర్లు ఉండవు, అంకెలుంటాయి. మొహాలున్నాయి, ఎవరిదేదో తెలియదు.

అక్కడ సుభద్ర గారిని చూడాలి. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క ఫొటో చూస్తూ చెప్పుకుపోతున్నారు.

"ఇతను అగనంపూడి. ఉద్యోగం మంచిది, వాళ్ళమ్మ మంచిది కాదు. ఈ అమ్మాయి పెదగంట్యాడ, ఫొటోలో తలొంచుకుంది గానీ ఇంట్లో వంచదు. ఇదెవరండీ, మీరేనా?"

"నేనేనే" అన్నారు సత్యనారాయణ గారు. "స్కానర్ పనిచేస్తోందో లేదో చూద్దామని."

"పెళ్ళికొడుకుల్లో ఉన్నారు."

"ఎక్కడ ఉంచాలో తెలియక అక్కడ ఉంచాను."

చాలా ఫొటోలు గడిచాక ఆవిడ చెయ్యి ఆగింది. "ఇతనే. చెవి దగ్గర పుట్టుమచ్చ."

అందరం ముందుకి వంగాం. ఫొటో సగమే వచ్చింది. ఒక ఫొటో డిస్కు మీద ఒకేచోట ఉండాలని లేదు, ముక్కలుగా కూడా ఉంటుంది. పై ముక్క మిగిలింది, కింది ముక్క దిద్దుబాటులో పోయింది. జుట్టు, నుదురు, కళ్ళు, ముక్కు, పెద్ద మీసం. మీసం కిందనుంచి అంతా బూడిద రంగు పలక. తల వెనకాల మాత్రం టగ్గు గది, దాని మీద పెద్ద అక్షరాలతో టగ్గు పేరు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

నూకరత్నం చాలాసేపు చూశారు. మనిషి ఎలా ఉన్నాడని అడిగే ధైర్యం సుభద్ర గారికి కూడా లేకపోయింది.

"కళ్ళు బాగున్నాయి" అన్నారు నూకరత్నం ఆఖరికి. "దీన్ని కాయితం మీద తీసీండి బాబూ. నన్ను పోర్టు గేటు కాడ దింపీండి."

ఆవిడ చెప్పులు వేసుకునేలోపు నేను సత్యనారాయణ గారికి రెండు పనులు చెప్పాను, మీకూ అవే చెప్తున్నాను. ఒకటి, అద్దం బ్యాకప్ కాదు. కాపీ వేరే సీడీ మీద ఉండాలి, ఆ సీడీ వేరే ఇంట్లో ఉండాలి. నెలకోసారి అందులోంచి ఒక ఫొటో తీసి చూసుకోవాలి. రెండు, కంప్యూటరు దేన్ని చూసి దేన్ని దిద్దమంటావని అడిగితే జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి టీ తాగాలి. ఆయన బుద్ధిగా తల ఊపారు. తరవాత నాకు తెలిసింది, ఆ సీడీలకి కూడా రెండు సెట్లు చేసి మార్చి మార్చి వాడుతున్నారట. అది మాత్రం సరైన పద్ధతే. మనిషికి తెలిసిన విద్య ఎక్కడికీ పోదు, సరైన చోట పెట్టాలంతే.

గేటు దగ్గర

నా స్కూటరు వెనక నూకరత్నం ఆ కాగితాన్ని గాలికి ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. దారిలో ఒకే ఒక్క మాట అడిగారు.

"ఎల్లిపోయుంటాడంటావా బాబూ?"

"రేపు కదండి."

"టగ్గులకి రేపూ ఎల్లుండీ ఉంటాయేటి. ఓడొస్తే ఎల్లిపోతాయి."

స్కూటరు కొంచెం జోరు పెంచాను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కాగితం తీసుకుని తిప్పి చూశాడు. వెనక కూడా చూశాడు.

"ఏటమ్మా ఇది? మిగతా మనిషేడి?"

"ఆడికోసవే ఒచ్చాను."

ఆయనకి నవ్వొచ్చింది. టగ్గు పేరు చదివి లోపలికి ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసి, ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. ఎర్రటి దుమ్ములో లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. నూకరత్నం జడ పిన్ను ఒకటి తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు. గేటులోంచి ఎవరొచ్చినా కాగితం వైపోసారి, మనిషి వైపోసారి చూస్తున్నారు.

కొంతసేపటికి లోపల్నుంచి ఒకాయన నడిచి వచ్చాడు. మీసం అదే, పుట్టుమచ్చ అదే. మీసం కిందనుంచి మొదలయ్యే మనిషి మాత్రం మేమిద్దరం ఊహించనంత ఉన్నాడు. పొట్ట ముందు వచ్చింది, ఆయన తరవాత వచ్చాడు. గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని, మమ్మల్నిద్దర్నీ చూసి, నూకరత్నం దగ్గర చూపు ఆపాడు. ఆవిడ ఫొటో ఆయన చూశాడు కదా, పోల్చుకున్నాడు.

నూకరత్నం నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "మీ కంప్యూటరు మంచిదే బాబూ. మొత్తం సూపించుంటే నాను ఇంటికాడే కూకుందును."

తరవాత కాగితం మడిచి పర్సులో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళారు.

"నాను నూకరత్నాన్నండి. పారాదీపెల్లకండి."

సింహాచలం గారు పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, "ఎల్నండి" అన్నారు.